వ్యాగన్ ఆర్ బానెట్ కింద ఒక నెల

అక్టోబర్ 2, గురువారం, దసరా

పొద్దున్నే కారు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టే ముందు బానెట్ ఎత్తాను. ఇంజిన్‌కి కూడా ఒక బొట్టు పెట్టాలని అమ్మ పట్టు. తీరా చూస్తే వేలు ఆనించడానికి చోటు లేదు. ఎక్కడ చూసినా మట్టి, జిడ్డు. గుడ్డ తీసుకుని ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) మీద రూపాయి బిళ్లంత చోటు గట్టిగా రుద్ది అక్కడ కుంకుమ పెట్టాను. రుద్దిన ఆ కాస్త చోట లోహం తెల్లగా బయటపడింది. మిగతాదంతా కూడా ఒకప్పుడు ఇలాగే ఉండేదన్న సంగతే మర్చిపోయాను.

కారు 2012 మోడల్ వ్యాగన్ ఆర్. పెట్రోల్, 998 సీసీ, మూడు సిలిండర్లు. నాన్న ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా రిటైరయ్యాక కొన్న బండి. మా ఇల్లు విజయవాడలో సింగ్‌నగర్ వైపు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మా మీద పడ్డప్పుడు, కారును ఫ్లైఓవర్ ఎక్కించేలోపే చక్రాలు సగం మునిగాయి. ఇంజిన్‌లోకి నీళ్లు పోలేదు. కానీ కింది సందుల్లో మేట వేసిన ఒండ్రు ఎండి అక్కడే ఉండిపోయింది.

వరద తగ్గాక ఒకచోట వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చాను. నీళ్ల గన్ను పెట్టి ఇంజిన్ మీద నేరుగా కొట్టారు. ఇంటికి వచ్చేసరికి బండి మిస్సింగ్, అంటే ఇంజిన్ సరిగా మండక తడబడుతోంది. ఆటోనగర్‌లో మాకు తెలిసిన మేస్త్రి స్పార్క్ ప్లగ్గు మీది కాయిల్ (ప్లగ్గుకి కరెంటు ఇచ్చేది) పైకి లాగితే, ప్లగ్గు గుంతలో నీళ్లు నిలిచి ఉన్నాయి. గుడ్డ చుట్టి పీల్చి, గాలి కొట్టి, ఆరబెట్టాక గానీ దారికి రాలేదు. అంత నీళ్లు కొట్టినా ఒండ్రు మాత్రం కదల్లేదు. పైన ఉన్న మట్టి కూడా దిగి ఇంకా లోతు సందుల్లో కూర్చుంది. ఆ తర్వాత భయపడి బానెట్ కింద ఎవరినీ నీళ్లు ముట్టనివ్వలేదు. ఏడాది గడిచింది.

ఈసారి నేనే చేస్తాను. గన్ను లేకుండా, బ్రష్షుతో, తొందర పడకుండా, ఆదివారాలు కూర్చుని.

అక్టోబర్ 5, ఆదివారం

ఈ రోజు దేన్నీ తుడవలేదు. చూడటమే పని. అది నాన్న పెట్టిన షరతు. "కడిగేశాక ఏం కనపడుద్దిరా? లీకు ఎక్కడుందో మురికే చెబుద్ది. ముందు దాన్ని చూడు" అన్నారు. వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

బండి రాత్రంతా ఆగి ఉంది కాబట్టి ఇంజిన్ చల్లగా ఉంది. అక్కయ్య కొడుకు ఇంటర్ సెకండియర్. వాడు టార్చి పట్టుకున్నాడు, నేను ఫోన్‌తో ప్రతి మూలా ఫోటో తీశాను. నలభై దాకా వచ్చాయి. పైపు ఏది ఎక్కడికి పోతోంది, క్లిప్పు ఎటు తిరిగి ఉంది, ఏ కనెక్టర్ ఏ రంగు, అన్నీ. తర్వాత ఏదైనా ఊడి చేతికొస్తే ఈ ఫోటోలే దిక్కు.

దూరం నుంచి అంతా ఒకటే మురికిలా ఉంటుంది గానీ, దగ్గరికి వెళితే దేని తీరు దానిదే. పైన ఉన్నది పొడి దుమ్ము, ఊదితే లేస్తుంది. దానితో బాధ లేదు. ట్యాపెట్ కవర్ వెనక అంచున, క్యాబిన్ గోడ వైపు, నల్లగా తడిగా బంకలా ఉంది. వేలికి అంటి సాగుతోంది. అది ఇంజిన్ ఆయిలు. కారిన ఆయిలు మీద దుమ్ము పడి, దాని మీద మళ్లీ ఆయిలు ఊరి, అట్టు కట్టింది. రేడియేటర్ పై భాగం పైపు మూతి దగ్గర తెల్లటి పొరలు, అంచుల్లో లేత ఆకుపచ్చ. మేం వాడేది ఆకుపచ్చ కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం). అంటే అక్కడ ఊరుతోంది, ఇంజిన్ వేడికి నీరు ఆవిరై మందు మిగిలిపోతోంది. బ్యాటరీ పాజిటివ్ మీద నీలం కలిసిన తెల్లటి పొడి, పటిక పొడిలా. ఇక కింద, రేడియేటర్ చట్రం మూలల్లో, హారన్ వెనక, బూడిద రంగు ఒండ్రు. గోరుతో గీరితే బెరడులా లేచింది. దుమ్ము కాక నాలుగు రకాల మురికి, నాలుగు కారణాలు. ఒక్కసారిగా కడిగేసి ఉంటే ఈ నాలుగూ ఒకటే నల్ల నీళ్లయి పోయేవి.

బ్యాటరీ విప్పకముందే మల్టీమీటర్ పెట్టాం. ఆగి ఉన్నప్పుడు 12.3 వోల్టులు. నిండుగా చార్జ్ అయిన మంచి బ్యాటరీ 12.6 దాకా చూపించాలి. తర్వాత ఒక పిన్ను బ్యాటరీ నెగెటివ్ కొమ్ము మీద, ఇంకో పిన్ను ఇంజిన్ మీద పెయింట్ లేని బోల్టు మీద పెట్టి మేనల్లుణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాను. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు మీటర్ 0.8 చూపించింది. అక్కడ సున్నాకు దగ్గరగా, 0.2 లోపు ఉంటే బాగున్నట్టు. 0.8 పోతోందంటే ఎర్త్ వైరు దారిలో ఎక్కడో తుప్పు పట్టి కరెంటుకు అడ్డం పడుతోంది. పొద్దున పూట సెల్ఫ్ బరువుగా తిరుగుతోందని ఆరు నెలలుగా బ్యాటరీని అనుమానిస్తున్నాను. కొత్తది కొనేవాణ్ణే.

చివర్లో టార్చి బ్యాటరీ వెనక సందులోకి వేస్తే కొబ్బరి పీచు కనపడింది. పీచు, దూది, పేపర్ ముక్కలు, రెండు చింతగింజలు. ఎలుక గూడు. ఎలుక లేదు. పక్కనే వైపర్ నీళ్ల మోటార్‌కి పోయే వైరు మీద తొడుగు కొరికేసి ఉంది, లోపల రాగి తీగ మెరుస్తోంది.

"కదిలించకు మావయ్యా, ఫోటో తీస్తాను" అన్నాడు వాడు. మంచి పనే చేశాడు.

అక్టోబర్ 8, బుధవారం

సామాను. మొక్కలకు నీళ్లు చల్లే చేతి పంపు స్ప్రేయర్ కొత్తది (పురుగుమందు కొట్టిన పాతది వద్దనుకున్నాను), నీళ్లలో కలిపే రకం డీగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు), పెయింట్ బ్రష్షులు మూడు సైజులు, పాత టూత్ బ్రష్షులు, నాన్న పాత బనియన్లు ఒక సంచెడు, రబ్బరు గ్లౌజులు, మాస్కులు, కళ్లజోడు, వంట సోడా, పెట్రోలియం జెల్లీ, ఎమెరీ పేపర్, హీట్ ష్రింక్ స్లీవ్. మంటలార్పే ఒక కేజీ ఏబీసీ పౌడర్ సిలిండర్ కూడా తెచ్చాను. వంటింటికీ పనికొస్తుంది. పాత ఫ్లెక్సీ ఒకటి దొరికింది, కారు కింద పరచడానికి. కట్టెల మిల్లు దగ్గర రంపపు పొట్టు అడిగితే ఒక గోనె సంచి ఇచ్చారు.

డీగ్రీజర్ బదులు కిరసనాయిలో, పెట్రోలో బ్రష్షుతో పూసి కడిగేయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. షెడ్డుల్లో అలాగే చేస్తారు, నిజమే. నాన్న ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. పైకి లేచి పోదు, నేల మీదే పాకుతుంది. ఎక్కడో స్విచ్ వేసినా చాలు. సందుల్లో మిగిలిన కిరసనాయిలు, ఇంజిన్ వేడెక్కాక సైలెన్సర్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి పోయే గొట్టం) మీద చుక్క పడినా చాలు. పైగా ఈ నూనెలు రబ్బరు పైపుల్ని ఉబ్బిస్తాయి. కాస్టిక్ కలిసిన ఘాటు లిక్విడ్లు కూడా వద్దు, అవి అల్యూమినియాన్ని తినేస్తాయి. మన ఇంజిన్ హెడ్డు, అంటే సిలిండర్ల మీద కూర్చునే పై భాగం, అల్యూమినియమే.

అక్టోబర్ 11, శనివారం

సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టాం. ముందు ఉంగరం, గడియారం, మెడలో గొలుసు తీసి ఇంట్లో పెట్టాను. మేనల్లుడి చేతికి కడియం ఉంది, అదీ తీయించాను. పాజిటివ్‌కీ బాడీకీ మధ్య ఆ కడియం తగిలితే వందల ఆంపియర్లు దానిలోంచే పోతాయి. క్షణంలో ఎర్రగా కాలిపోతుంది, చేతికి ఉండగానే. కాలింది చర్మంతో ఆగదు. ఈ మాట వాడికి నాన్న చెప్పారు. డిపోలో తాను చూసిన ఒక చెయ్యి గురించి కూడా చెప్పారు. ఆ తర్వాత వాడు ఇంకేం అడగలేదు, జేబులో తాళాలు కూడా తీసి పెట్టాడు.

10 నంబర్ స్పానర్. ముందు నెగెటివ్. ఇది ఎందుకో వాడికి అర్థమయ్యేదాకా ఆగాను. కారు బాడీ మొత్తం నెగెటివే. నెగెటివ్ ఉండగా పాజిటివ్ విప్పుతూ స్పానర్ తోక బాడీకి తగిలితే షార్ట్. నెగెటివ్ ముందే తీసేస్తే తగిలినా ఏమీ కాదు. బిగించేటప్పుడు తిరగేసి, పాజిటివ్ ముందు, నెగెటివ్ ఆఖరు. ఇంకో లాభం, బ్యాటరీ తీసేశాక రేడియేటర్ ఫ్యాను తనంతట తాను తిరగదు. కొన్ని బండ్లలో తాళం తీసేసినా వేడికి ఫ్యాను తిరుగుతుంది. రెక్కల దగ్గర చేయి పెట్టి పని చేసేవాళ్లకి అది తెలియాలి.

ఎలుక గూడు పొడిగా ఉన్నప్పుడు దులపకూడదు. ఎలుక మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, వరదలు చూసిన ఊళ్లో దాని గురించి వినని వాళ్లుండరు. ఎండిన పెంటికల దుమ్ము ముక్కులోకి పోవడమూ మంచిది కాదు. గ్లౌజులు, మాస్కు వేసుకుని ఫినాయిల్ నీళ్లు మెల్లగా చిలకరించి, పది నిమిషాలు నానబెట్టి, చేత్తో ఎత్తి రెండు కవర్లలో కట్టేశాను. ఆ చోటు మళ్లీ ఫినాయిల్ గుడ్డతో తుడిచాను. ఇంత పీచు ఎక్కడిదా అని చూస్తే మా వరండాలోని కాళ్లు తుడుచుకునే పట్టాదే. ఒక మూల కొరికి ఉంది.

వైరు సంగతి. కొరికిన చోట అటూ ఇటూ శుభ్రం చేసి చూశాను. రాగి పోగులు తెగలేదు, తొడుగే పోయింది. కనెక్టర్ ఊడదీసి, అటు నుంచి స్లీవ్ ఎక్కించి, హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే ముడుచుకుని పట్టేసింది. పైన టేపు. పోగులు తెగి ఉంటే అతికించేవాణ్ణి కాదు, ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణి.

ఇక బ్యాటరీ. బయటికి ఎత్తి ఫ్లెక్సీ మీద పెట్టి, మూతలు బిగుతుగా ఉన్నాయో లేదో చూసి, గోరువెచ్చని నీళ్లలో వంట సోడా కలిపి ఆ తెల్ల పొడి మీద బ్రష్షుతో రాశాను. బుసబుసమని నురగ లేచింది. పొడిలో ఉన్న యాసిడ్‌ని సోడా విరిచేస్తోందన్న మాట. నురగ ఆగేదాకా రెండుసార్లు రాసి మంచి నీళ్ల గుడ్డతో తుడిచాను. సోడా నీళ్లు బ్యాటరీ లోపలికి మాత్రం చుక్క కూడా పోకూడదు, అక్కడ యాసిడ్‌తోనే దానికి పని. చుట్టుపక్కల బీడీ, అగరొత్తి, దేనికీ నిప్పు లేకుండా చూసుకున్నాం. చార్జ్ అయ్యే బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది.

బ్యాటరీ ట్రే కింద ఎర్త్ వైరు బోల్టు కనపడింది. పెయింట్ మీద తుప్పు, తుప్పు మీద ఒండ్రు. విప్పి, కన్నం చుట్టూ ఇనుము మెరిసేదాకా ఎమెరీ పట్టాను, వైరు చివర రింగుకీ అంతే. బిగించి పైన పెట్రోలియం జెల్లీ పూశాను. గేర్‌బాక్స్ వైపు చివర కూడా అలాగే.

బ్యాటరీ ఇవాళ ఇంట్లోనే పడుకుంటుంది.

అక్టోబర్ 12, ఆదివారం

అసలు పని ఇవాళ. ఏడింటికి మొదలుపెట్టాం, ఎండ పూర్తిగా ముదరకముందే. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు కొడితే లోహం పగుళ్లివ్వచ్చు, డీగ్రీజర్ పని చేయకముందే ఎండి మచ్చలు కడుతుంది. ఎండలో నిలబెట్టిన బానెట్ కింద కూడా అదే ఇబ్బంది.

ముందు పొడి పని. గంటన్నర పట్టింది, నా దృష్టిలో సగం శుభ్రం అక్కడే అయిపోయింది. మెత్తటి బ్రష్షుతో పై నుంచి కిందికి దులుపుతూ, పక్కన వాడు వాక్యూమ్ పట్టుకుంటే దుమ్ము గాల్లో లేవకుండా పోయింది. ఒండ్రును పాత ప్లాస్టిక్ స్కేలు ముక్కతో గీరాం. ఇనుప స్క్రూడ్రైవర్ వద్దన్నాను, రేడియేటర్ రేకులు గోరుకే వంగుతాయి. ఒక్క రేడియేటర్ చట్రంలోంచే రెండు దోసిళ్ల మట్టి వచ్చింది. ఆ మట్టిని నాన్న చేతిలోకి తీసుకుని నలిపి చూశారు. ఏమీ అనలేదు. వరదలో ఆ మూడు రోజులు మేడ మీద మేం ఎలా గడిపామో మా ఇంట్లో ఎవరూ మళ్లీ మాట్లాడుకోలేదు.

వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ జాలీ ఎత్తి చూస్తే, మా ఇంటి ముందు వేపచెట్టు అక్కడ కాపురం పెట్టింది. ఆకు, పూత, ఈనెలు కుళ్లి నల్లటి ఎరువులా అయ్యాయి. నీళ్లు కిందికి పోయే రెండు మూలల కన్నాలూ మూసుకుపోయాయి. గరిటెతో తోడాను. వాన పడ్డప్పుడల్లా ఎడమ సీటు ముందు మ్యాట్ తడిసి వాసన రావడానికి కారణం ఇదే అయ్యుండాలి. నీళ్లు పోయే దారి లేక నిండి, ఏసీ గాలి పీల్చుకునే కన్నంలోంచి లోపలికి దిగుతున్నాయి. రెండు వానాకాలాలు తలుపు రబ్బర్ల మీద అనుమానపడ్డాం.

తర్వాత మూతలు కట్టడం. ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది), ఫ్యూజ్ బాక్సు, కంప్యూటర్ బాక్సు, గాలి పీల్చే గొట్టం మూతి, ప్లగ్గుల మీది కాయిల్స్, ఆయిల్ గేజీ పుల్ల మూతి, అన్నిటికీ పాలిథీన్ కవర్లు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేశాం. ఎన్ని కవర్లు కట్టామో కాగితం మీద రాశాను, పదకొండు. చివర లెక్క తేలాలి. ఒక్క కవరు మర్చిపోయి బండి స్టార్ట్ చేస్తే బెల్టు దాన్ని లాగేస్తుంది.

డీగ్రీజర్ సీసా మీద రాసినట్టే నీళ్లు కలిపి, స్ప్రేయర్‌తో ఒక్కో ముక్కగా, జానెడు చోటు చొప్పున కొట్టాం. మూడు నిమిషాలు ఆగడం, బ్రష్షు తిప్పడం, తడి గుడ్డతో తుడవడం. ఎండిపోకముందే తుడిచేయాలి. ట్యాపెట్ కవర్ వెనక అట్టు మాత్రం నాలుగు విడతలు పట్టింది. మొదటి విడతకి బెల్లప్పాకంలా జారింది, రెండోదానికి టీ డికాక్షన్ రంగు, మూడోదానికి గుడ్డ కాస్త మురికయింది, నాలుగోదానికి లోహం కనపడింది. అమ్మ పెట్టించిన కుంకుమ బొట్టు చుట్టూ మాత్రం బ్రష్షు తిప్పుకుంటూ పోయాను.

కడగడానికి వాడింది అంతా కలిపి నాలుగు లీటర్లు ఉంటాయేమో. స్ప్రేయర్ మూతి వెడల్పుగా పెట్టి, పొగమంచులా. కృష్ణ నీళ్లు పట్టి ఉంచిన బిందె వాడాం, మా బోరు నీళ్లు ఉప్పు, బకెట్‌కే తెల్లటి చారలు కడతాయి. కిందికి కారిందంతా ఫ్లెక్సీ మీద రంపపు పొట్టులో పడింది. మా వైపు కాలువలన్నీ బుడమేరుకే చేరతాయి, బుడమేరు పోయి కలిసేది కొల్లేట్లో. కారు మురికి అటు పంపడం నాకిష్టం లేదు. జిడ్డు పొట్టు, గుడ్డలు మూత ఉన్న రేకు డబ్బాలోకి ఎత్తాం, మేస్త్రి షెడ్డులో వాడేసిన ఆయిలుతో పాటు పోతాయి.

పైపులకి, ప్లాస్టిక్‌కి నీళ్ల ఆధారంగా తయారయ్యే డ్రెస్సింగ్ లిక్విడ్ గుడ్డతో పల్చగా రాశాను. బెల్టుకి మాత్రం చుక్క తగలనివ్వలేదు. బెల్టు మెరవక్కర్లేదు, జారితే ఆల్టర్నేటర్ ఆగుతుంది.

పక్కింటాయన వచ్చి చూసి, "మా బండీ ఇలా చేసిపెడతావా అబ్బాయ్" అన్నారు. ఆయనది హైబ్రిడ్. బానెట్ ఎత్తితే లావుపాటి నారింజ రంగు కేబుళ్లు. ఆ రంగు ఉందంటే అందులో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉందని గుర్తు. "పై దుమ్ము గుడ్డతో తుడుచుకోండి బాబాయ్ గారూ, వాటి జోలికి మాత్రం నేను రాను, మీరూ వెళ్లొద్దు" అన్నాను.

బానెట్ ఎత్తి మధ్యాహ్నం దాకా ఎండలో వదిలేశాం. పదకొండు కవర్లూ తీసి లెక్కపెట్టాం. కాయిల్ ఒకటి పైకి లాగి ప్లగ్గు గుంతలోకి టార్చి వేసి చూశాను, పొడిగానే ఉంది. మూడూ చూశాకే బ్యాటరీ ఎక్కించాను. పాజిటివ్, తర్వాత నెగెటివ్. సెల్ఫ్ కొడుతుంటే మీటర్ అదే చోట 0.1. సెల్ఫ్ శబ్దమే మారిపోయింది. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ మీద 14.1. మొదటి నాలుగైదు నిమిషాలు ఐడిల్ (బండి ఆగి ఉండగా ఇంజిన్ తిరిగే వేగం) కాస్త అటూ ఇటూ అయింది, బ్యాటరీ తీసి పెట్టినప్పుడు కంప్యూటర్ మళ్లీ నేర్చుకోవాలి కాబట్టి అది మామూలే. మిస్సింగ్ లేదు. చెక్ ఇంజిన్ లైటు లేదు. నాన్న కుర్చీలోంచి లేచి వచ్చి, బానెట్ అంచు పట్టుకుని, చెవి పెట్టి చాలాసేపు విన్నారు.

అక్టోబర్ 18, శనివారం

ఆటోనగర్. రేడియేటర్ పైపు గురించి. నేను క్లిప్పు మారిస్తే చాలనుకున్నాను. మేస్త్రి పైపు మూతి వంచి చూపించారు. వంచితే గానీ కనపడని సన్నటి నెర్రెలు, ఎండిన చెరువులోలా.

"క్లిప్పు బిగిస్తే సరిపోదా బాబాయ్?"

"ఈ గీత చూడు నాయనా. ఇవాళ ఊరుద్ది. ఏదో ఒకరోజు హైవే మీద ఏలూరు దాటేలోపు చీలుద్ది. అప్పుడు పైపు ధరతో పోదు, హెడ్డు ధర అవుద్ది."

పైపు, రెండు క్లిప్పులు మార్పించాను. బండి చల్లారేదాకా గంట ఆగాకే రేడియేటర్ మూత మీద చేయి వేశారు. మూత కింద ఒత్తిడి ఉంటుంది కాబట్టి నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. మూత తిప్పిన క్షణం ఒత్తిడి పోయి, ఉన్నవన్నీ ఒక్కసారి మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతాయి. కూలెంట్‌లో కలపడానికి డిస్టిల్డ్ వాటరే వాడాం. కింద పడిన కూలెంట్ కడిగి తుడిచిందాకా అక్కడే నిలబడ్డాను. అది తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి. అది విషం.

ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులోని దుమ్ము కూడా అక్కడే తీయించాను. ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు. ఎదురు వైపు నుంచి కొడితే పురుగులూ మట్టీ ఇంకా లోపలికి దిగుతాయి.

అక్టోబర్ 26, ఆదివారం

ట్యాపెట్ కవర్ వెనక ఆయిలు మళ్లీ ఊరుతోంది. శుభ్రంగా ఉంది కాబట్టే ఇప్పుడు తెలుస్తోంది. కానీ ఆయిలు ఊరిన చోటు వేరు, మనకు కనపడే చోటు వేరు. లోహం వెంబడి జారుతూ పోతుంది. నాన్న ఒక ఉపాయం చెప్పారు. అమ్మ మొహానికి రాసుకునే పౌడర్ డబ్బా తెమ్మన్నారు. చల్లటి ఇంజిన్ మీద, కవర్ అంచు మొత్తం పల్చగా పౌడర్ చల్లి, బెంజ్ సర్కిల్ దాకా పోయి వచ్చాం. బానెట్ ఎత్తితే తెల్లటి పౌడర్ మీద ఒకే ఒక్క చోట, వెనక ఎడమ మూల బోల్టు పక్కన, అగ్గిపుల్ల సైజు గోధుమ రంగు గీత. అక్కణ్ణుంచి కిందికి ఇంకో సన్నటి దారం. మిగతా అంచంతా పొడిగా తెల్లగా ఉంది.

"మొత్తం హెడ్డు విప్పాలని చెప్పేవాళ్లు దొరుకుతారు. ఇది ప్యాకింగే" అన్నారు నాన్న. ప్యాకింగ్ అంటే కవర్ కింద ఆయిలు కారకుండా ఉండే రబ్బరు.

అక్టోబర్ 29, బుధవారం

మొంథా తుపాను నిన్న రాత్రి తీరం దాటింది. మాకు నిన్నంతా వానే. కారు నిన్న మధ్యాహ్నం నుంచే ఎత్తు మీద పెట్టాను, ఈసారి ఆలస్యం చేయలేదు. ఇవాళ వాన తెరిపి ఇచ్చాక వెళ్లి మొదట ఎడమ సీటు ముందు మ్యాట్ ఎత్తి, కింద చేయి పెట్టి చూశాను. పొడిగా ఉంది. వైపర్ జాలీ కింద ఆకులు పది పదిహేను పడ్డాయి, నీళ్లు మాత్రం నిలవలేదు. ఏరేశాను.

నవంబర్ 2, ఆదివారం

మేస్త్రి షెడ్డులో ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చారు. పాతది తీస్తే గట్టిపడి బిస్కెట్‌లా విరిగింది. కొత్తది గాడిలో కూర్చోబెట్టి, బోల్టులు ఒకేసారి బిగించకుండా అటొకటి ఇటొకటిగా కొంచెం కొంచెం బిగించారు. మేనల్లుణ్ణి దగ్గర నిలబెట్టి చూపించారు. ఆయిలు డబ్బా, జిడ్డు గుడ్డల డబ్బా అక్కడే దించేశాం.

ఇంటికి వచ్చి, చల్లారాక, మళ్లీ పౌడర్ చల్లాను. సాయంత్రం నాన్నని ఎక్కించుకుని వారధి మీదుగా మంగళగిరి దాకా వెళ్లి వచ్చాం. రాత్రి టార్చి వేసి చూస్తే వెనక ఎడమ మూల తెల్లగానే ఉంది.

కిలోమీటర్ల రీడింగ్ 86,412. ఆయిల్ గేజీ పుల్ల మీద పై గీతకి గింజంత కింద. కూలెంట్ సీసాలో రెండు గీతల మధ్య. ఈ మూడూ బానెట్ లోపలి వైపు కాగితం మీద రాసి అంటించాను. వరండాలో పట్టా తీసేశాం. డిసెంబర్ మొదటి ఆదివారం మళ్లీ పౌడర్.